అతుకు దగ్గర చుక్కల గీత

పంపు గది, నీళ్ల ట్యాంకుల ఆవరణ
జూన్ 9

మరిదికి,

ఫోన్ చేస్తే "ఊ", "ఆ", "మళ్లీ చేస్తా వదినా" తప్ప నీ నోట ఇంకో మాట రాదు. ఆ మళ్లీ నాలుగు నెలలైనా రాలేదు. ఎలాగూ పొట్లం పోస్టు చేయాలి కదా అని దానితోపాటే నాలుగు ముక్కలు రాస్తున్నాను.

పొట్లంలో ఉన్నది మూడో నంబరు వడపోత తొట్టె గోడ మీది నాచు. ఆ గోడ బీటవారి రెండేళ్లయింది. నీరు ఊరి ఊరి గోడంతా పచ్చగా దుప్పటి కప్పినట్టుంది. ఇంజనీరుగారు ఇన్నాళ్లకి కళ్లు తెరిచి, బీట పూడ్చి సిమెంటు పూత వేయమని మీ అన్నయ్యకి పని ఒప్పజెప్పారు. మొగుడు తాపీ పట్టుకుని నిలబడితే పెళ్లాం పంపు డ్యూటీ వదిలి అదే గోడ ముందు గొంతుక్కూర్చుని చాకుతో నాచు గీకుతోంది. కూలీలు నవ్వారు. మీ అన్నయ్య నవ్వలేదు. గీకనివ్వండి, పూతకి ముందు మనం గీకే పని తప్పుతుంది అన్నారు.

మా నాచు మిత్రమండలిలో ఇప్పుడు ఏడుగురం. ఒక టైలరు, ఒక నర్సు, గడియారాలు బాగుచేసేవాడు, ఇలాంటివాళ్లం. అధ్యక్షులు భూతద్దం మాస్టారే. బళ్లో నీకు బొమ్మలు గీయడం నేర్పిన ఆయనే. ఇప్పటికీ ప్రతి సమావేశంలో నీ ప్రస్తావన తెస్తారు. "చూసినదానికి గీత, చూడనిదానికి చుక్కలు. ఇది ఎంతమందికి చెప్పానో, పట్టుకున్నది వాడొక్కడే. అందుకే అంత పెద్ద చోట బొమ్మలు గీస్తున్నాడు" అంటారు. నువ్వక్కడ పరిశోధకుడివి, బొమ్మలు గీసేవాడివి కాదు అని నేను చెప్పను. పెద్దవయసు మనిషి సంతోషం చెడగొట్టడం ఎందుకు.

ఉద్యోగం సంగతి రాయి. పదకొండేళ్లుగా ఆర్నెల్లకోసారి కాగితం మార్చి అదే కుర్చీలో కూర్చోబెడుతున్నారు. జనవరికి నీకు నలభై నిండుతాయి. నలభై దాటితే పర్మినెంటు చేయరని నువ్వే చెప్పావు. మీ అన్నయ్య ఆ సంగతి అడగరు. నీ ఉత్తరం వచ్చిందా అని మాత్రం రోజూ అడుగుతారు.

నీ వదిన

*

ఎండుమొక్కల గది, మూడో అంతస్తు
జూన్ 20

వదినకి,

పొట్లం అందింది. ముందు రెండు తప్పులు చెప్తాను, కోప్పడకు. పొట్లం మీద "మూడో తొట్టె, మీ అన్నయ్య నిలబడ్డ చోటికి ఎడమ పక్క" అని రాశావు. అన్నయ్య శాశ్వతంగా అక్కడే నిలబడి ఉండడు. నేల నుంచి ఎంత ఎత్తు, గోడ ఏ దిక్కుకి, తడి ఎంత అన్నవి రాయాలి. రెండోది, గుప్పెడు నాచు తెచ్చి ఒకే పొట్లంలో కుక్కకూడదు. ఒక పొట్లానికి ఒకే మొక్క. సరదాకి నాచు ఏరేవాళ్లందరూ చేసే తప్పే ఇది. మేం చెయ్యం.

ఇక అసలు సంగతి. నాచుకి సన్నటి కాడ లేచి, చివర ఆవగింజలో సగమంత కాయ కాస్తుందని నీకు తెలుసు. ఆ కాయ మూత ఊడితే మూతి చుట్టూ పళ్లుంటాయి. ఏ నాచు ఏదో చాలావరకు ఆ పళ్లను బట్టే చెప్తాం. నువ్వు పంపింది ఎండితే ఆకులు మెలితిరిగే రకం. ఆ రకంలో పళ్లు లేని కాయ ఇంతవరకు ఎవరూ చూసినట్టు లేదు. నీ పొట్లంలో దాని కాయకి పళ్లు లేవు.

పెద్దాయనకి చూపించాను. పెద్దాయన అంటే మా శాఖకి పెద్ద. ముప్పై ఏళ్లుగా ఒక్క కొత్త జాతి కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన కుర్చీలోంచి లేచారు. భోజనానికి తప్ప ఆయన లేవడం ఈ మూడో అంతస్తులో ఎవరూ చూడలేదు. అప్పటికప్పుడు బొమ్మ గీయమని, గీసినంతసేపూ నా వెనకే నిలబడ్డారు.

వదినా, డిసెంబరులో కమిటీ కూర్చుంటుంది. దానికి నా పేరుతో అచ్చయిన వ్యాసాలు రెండు చూపించాలి. ఇన్నాళ్లూ నేను రాసినవన్నీ పెద్దాయన పేరుతో వచ్చాయి కాబట్టి నా లెక్కన ఒక్కటీ లేదు. దీనిలో నా పేరు కూడా వేస్తామన్నారు. అన్నయ్యని ఆ గోడ జోలికి వెళ్లొద్దను. ఇప్పుడు దాని మీద తాపీ పడితే నా నెత్తిన పడినట్టే.

మరిది

*

పంపు గది
జూలై 2

మరిదికి,

గోడ ఆగింది. మీ పెద్దాయన రాసిన కాగితం ఇంజనీరుగారికి అందింది. ఆయన కాగితం చదవలేదు, దాని మీది ముద్ర చదివారు. పని ఆపండి అన్నారు. మీ అన్నయ్య అప్పటికే సిమెంటు కలిపి ఉన్నారు. అది గడ్డకట్టకుండా పరుగుపరుగున తీసుకెళ్లి పంపు గది మెట్లకి వాడేశారు. మెట్లు బాగా కుదిరాయి. సాయంత్రం కాళ్లు కడుక్కుంటూ, తేలు కుట్టిందని పని ఆపాను, వానొచ్చిందని ఆపాను, పాచి కోసం ఆపడం ఇదే మొదలు అన్నారు.

నాచు మిత్రమండలి అత్యవసర సమావేశం జరిగింది. దీన్ని ఎవరు కనిపెట్టినట్టు అన్నది చర్చ. గీకింది నేను. కానీ మండలి సభ్యురాలిగా గీకాను కాబట్టి కనిపెట్టింది మండలి అని మాస్టారు. పొట్లం కట్టిన కాగితం తన కొట్లోదని టైలరు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా నాచుని తలా ఇంత పంచిపెట్టి, చివరికి గోడ దగ్గర బోర్డు పెట్టాలని తీర్మానించి లేచారు. "అరుదైన నాచు. తాకరాదు." అక్షరాలు మాస్టారే రాశారు. అక్షరాలు మాత్రం అందంగా ఉన్నాయి.

ఒక్క మాట, తెలియక అడుగుతున్నాను. నిన్న భూతద్దం పెట్టి గోడని చూశాను. ఆ కాయల కాడలు మెలితిరిగే ఆకుల్లోంచి వచ్చినట్టు నాకు కనిపించలేదు. వాటి సందుల్లోంచి, ఇంకా కిందనుంచి వస్తున్నట్టుంది. కింద ఇంకోటేదో మొగ్గల్లాగా ఉంది. నువ్వు మైక్రోస్కోపులో చూసే ఉంటావు.

నీ వదిన

*

ఎండుమొక్కల గది
జూలై 16

వదినకి,

చేతి భూతద్దంలో అంత తెలియదు వదినా. గోడ మీద అన్నీ అల్లుకుని ఉంటాయి కాబట్టి అలా అనిపిస్తుంది. బొమ్మ నేనే గీశాను.

వ్యాసం అచ్చుకి వెళ్లింది. ఆ పత్రికకి సంపాదకులు పెద్దాయనే కాబట్టి ఆలస్యం ఉండదు. కొత్త జాతికి ఎవరి పేరు వాళ్లే పెట్టుకోవడం మర్యాద కాదు. అందుకని పెద్దాయన తన పై అధికారి పేరు పెట్టారు. ఆ పై అధికారి తన మేడ మీద పాచి కడిగించడానికి మొన్ననే ఇద్దరు మనుషుల్ని పెట్టారు. తన పేరుతో ఒక నాచు ఉండబోతోందని తెలిసి సంతోషించారట. ఎంత ఎత్తు పెరుగుతుందని అడిగారట. గోరులో సగం అని పెద్దాయన చెప్పలేదు.

నీ పేరు పెడదామని నేను ఒకసారి అన్నాను. పంపు ఆపరేటరు పేరా అని ఆయన నవ్వారు. చివర "స్థానిక సహాయానికి కృతజ్ఞతలు" అని వస్తుంది. స్థానిక సహాయం అంటే నువ్వే.

రచయితలు ముగ్గురు. పెద్దాయన, ఫొటో తీసే కెమెరా తాళం ఎవరి దగ్గరుందో ఆయన, తర్వాత నేను. మూడోవాడినైనా లెక్కలోకి వస్తాను. ఇక కావలసింది ఇంకొక్కటి. దాని సంగతి చూద్దాం అన్నారు పెద్దాయన. ఆయన చూద్దాం అంటే చూస్తారు, కాకపోతే ఎప్పుడో చెప్పలేం.

మరిది

*

పంపు గది
సెప్టెంబరు 5

మరిదికి,

వేలు పట్టే బీటలో ఇప్పుడు పిడికిలి పడుతోంది. మూడో తొట్టెలో నీటిమట్టం నిలవడం లేదు. కింది వీధికి రోజు విడిచి రోజు వదులుతున్నాను. నిన్న ఆ వీధి ఆవిడ ఖాళీ బిందె తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మా పిల్లలకి స్నానాల్లేవు గానీ మీ గోడకి మాత్రం మూడు పూటలా" అంది. ఇది గోడ కాదు, చదువుకున్నవాళ్ల వ్యవహారం అన్నాను. ఆ మాటకి ఆవిడ నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను.

బోర్డు పెట్టాక చూడ్డానికి జనం వస్తున్నారు. ఆ అరుదైన నాచు ఎక్కడండీ అని అడుగుతూ దాని మీదే చెయ్యి ఆనించి నిలబడతారు.

మొన్న ఆదివారం ఒక పని చేశాను. రెండు కుట్టుసూదుల్ని రెండు పుల్లలకి గుచ్చి, మందు సీసా మూతలో నీళ్లు పోసి, చిటికెడు నాచు వేసి విడదీస్తూ కూర్చున్నాను. మెలితిరిగే ఆకుల మొక్కలు ఇరవై తీశాను. ఒక్కదానికీ కాయ లేదు. తర్వాత కాయలున్న కాడలు పద్నాలుగు పట్టుకుని ఒక్కోదాని వెంటా మొదలు దాకా వెళ్లాను. పద్నాలుగూ అడుగునున్న చిన్న మొగ్గలాంటి వేరే మొక్కలోంచే లేచాయి. ఆ మొగ్గ రకం ఇక్కడ కొత్తేం కాదు. మెట్ల కింద, పూలకుండీల్లో ఎక్కడ చూసినా ఉంటుంది.

ఒక పొట్లానికి ఒకే మొక్క అన్నావు. అలాగే రెండు పొట్లాలు పంపుతున్నాను. ఎత్తు, దిక్కు, తడి రాశాను. మీ అన్నయ్య నిలబడ్డ చోటు రాయలేదు. నువ్వే నీ చేత్తో విప్పి చూడు.

నీ వదిన

*

ఎండుమొక్కల గది
సెప్టెంబరు 24

వదినకి,

అందరూ కులాసా అని తలుస్తాను. వ్యాసం అచ్చయింది. ఒక ప్రతి పంపుతున్నాను. బొమ్మ ఏడో పేజీలో ఉంది.

గోడని ఇక ఎవరికీ చూపించకు. చూసేవాళ్లు చేతులు పెడుతున్నారని నువ్వే రాశావు కదా. సూదుల సంగతి మాస్టారికి చెప్పొద్దు. ఆయన నలుగురిలో అంటారు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. తర్వాత వివరంగా రాస్తాను.

మరిది

*

పంపు గది
అక్టోబరు 8

మరిదికి,

ఇంతమటుకు నువ్వు నాకు రాసిన వాటిలో అతి చిన్న ఉత్తరం ఇదే. రెండు పొట్లాలు అందాయో లేదో అందులో లేదు. అందకపోతే అందలేదని రాసేవాడివి.

సూదుల సంగతి నేనెవరికీ చెప్పలేదు. ప్రతి మాత్రం సమావేశంలో పెట్టాను, పెట్టకపోతే అడుగుతారు. మాస్టారు ముందు ఏడో పేజీ తీసి, చూశారా నా శిష్యుడి గీత అని అందరికీ తిప్పి చూపించారు. తర్వాత కూర్చుని భూతద్దం పెట్టారు. కాడ మొదట్లో, ఆకుల్లోంచి కాడ పైకి లేచే చోట, చాలాసేపు ఆగారు. అక్కడ గీత లేదు. చుక్కలున్నాయి. మాస్టారు ప్రతి మూసి నా చేతికిచ్చి, "మర్చిపోలేదు వాడు" అన్నారు. సమావేశం తొందరగా అయిపోయింది.

ఇంట్లో మీ అన్నయ్య చూశారు. ఆయనకి నాచు తెలియదు, చదువు అంతంతమాత్రం. బొమ్మని దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశారు. "ఆకుల దగ్గర వీడి చెయ్యి ఆగలేదు. కాయ దగ్గర ఆగలేదు. ఇక్కడ ఆగింది. ఇది అతుకు" అన్నారు. ముప్పై ఏళ్లు గోడలు కట్టినవాడికి అది అతుకు కాదని నేనెలా నమ్మించను.

నేను నిన్నేం అడగడం లేదు. నీకు డిసెంబరు ఉంది, జనవరిలో నలభై ఉన్నాయి, నాకు తెలుసు. కానీ కింది వీధికి ఇప్పుడు మూడు రోజులకోసారి నీళ్లు. ఇంజనీరుగారు, ఆ ముద్ర వేసినవాళ్లే మళ్లీ ముద్ర వేస్తే తప్ప పని మొదలుపెట్టను అంటున్నారు. నేను రెండు వారాలు చూస్తాను. ఇరవై రెండో తేదీ సోమవారం. ఆ రోజు మీ అన్నయ్య పూత వేస్తారు. ముద్ర లేకపోయినా వేస్తారు. ఇంజనీరుగారికి నేను చెప్పుకుంటాను.

నీ వదిన

*

ఎండుమొక్కల గది
అక్టోబరు 19

వదినకి,

పొట్లాలు అందాయి. అందిన రోజే విప్పాను. నువ్వు చెప్పింది నిజం.

ఎలా జరిగిందో రాస్తాను. ఎండిన నాచుని వేడినీళ్లలో వేసి మెత్తబరుస్తాం. ఆ రోజు మెత్తబరిచేటప్పుడు కాడ ఊడిపోయింది. గిన్నెలో ఆకుల మొక్క ఒక పక్క, కాయ ఒక పక్క తేలుతున్నాయి. పెద్దాయన నా వెనకే నిలబడి ఉన్నారు, ఆయన ఊపిరి నా మెడకి తగులుతోంది. దాని కాయే అది అనుకున్నాను. కానీ అతికి ఉండగా నేను చూడలేదు. చూడలేదు కాబట్టి చుక్కలు పెట్టాను. తర్వాత ఇంకో మొక్క తీసి సరిచూసుకుందాం అనుకున్నాను. నువ్వు జూలైలో అడిగినప్పుడైనా సరిచూసుకోవాల్సింది. భయమేసి చూడలేదు. ఒక పొట్లానికి ఒకే మొక్క అని నీకు నీతులు చెప్పిన చేత్తోనే రెండు మొక్కలు కలిపి ఒకటి చేశాను.

మొన్న పెద్దాయనకి చెప్పాను. ఆయనకి కోపం రాలేదు. ఏడో పేజీ తీసి చూసి, చుక్కలున్నాయి కదా, మనం అబద్ధం ఎక్కడ చెప్పాం అన్నారు. తర్వాత గోడ సంగతి అడిగారు. ఇరవై రెండున పూత వేస్తారని చెప్పాను. మళ్లీ కుర్చీలోంచి లేచారు. ఈ ఏడు ఇది రెండోసారి.

ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తాను. పూత పడితే ఆ మొక్క ఇంకెక్కడా లేదు. అంటే అంతరించినట్టు. ఇక సరిచూసేవాడు ఉండడు. పైగా అంతరించిందని ఇంకో వ్యాసం రాయొచ్చు, అందులో నా పేరు మొదట వేస్తామన్నారు. రెండో వ్యాసం అదే అవుతుంది. పేరు కూడా చెప్పారు. "స్థానిక సిబ్బంది అవగాహన లోపం వల్ల అంతరించిన ఒక అరుదైన నాచు." స్థానిక సిబ్బంది అంటే నువ్వు, అన్నయ్య. పేర్లు రాయబోమని అన్నారు.

నేను సరే అనలేదు. కాదనీ అనలేదు. ఆ వ్యాసం రాసిన కాగితం నా బల్ల మీదే ఉంది. పూత ఎలాగూ వేస్తారు, కింది వీధికి నీళ్లొస్తాయి, నాకు ఉద్యోగం వస్తుంది. నువ్వు వద్దంటే పంపను.

మరిది

*

పంపు గది
నవంబరు 1

మరిదికి,

నీ ఉత్తరం వచ్చేసరికి పూత అయిపోయింది. సోమవారం పొద్దున మొదలుపెట్టి బుధవారానికి ముగించారు. కింది వీధికి ఇప్పుడు రోజూ నీళ్లు. ఆ బిందె ఆవిడ మళ్లీ వచ్చింది. ఒకసారి గోడని చూసి వెళ్లింది.

నీ ఉత్తరం మీ అన్నయ్య రెండుసార్లు చదివారు. మడిచి పెట్టి భోజనానికి కూర్చున్నారు. చెయ్యి కడుక్కునేటప్పుడు ఒక్క మాట అడిగారు.

"పుట్టనిదాన్ని నేనెలా చంపాను?"

నాకు చెప్పడం రాలేదు. నీకు వస్తే రాసి పంపు.

నువ్వు వద్దంటే పంపను అన్నావు. ఆ బరువు నా నెత్తికి ఎత్తకు. ఉద్యోగం నీది, బొమ్మ నీది, చుక్కలు నీవి. నేను చేసిన పని ఒక్కటే నీకు తెలియాలి. పూతకి ముందు మీ అన్నయ్యని అడిగి, ఆ గోడలోంచి జానెడు ముక్క సున్నంతో సహా చెక్కించాను. గోడ పాడు చేయకుండా ఇటుక అంచున ఎంత నేర్పుగా తీశారో నువ్వు చూడాల్సింది. దాన్ని ఒక పళ్లెంలో పెట్టి పంపు గది కిటికీలో ఉంచాను. పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లుతున్నాను. రెండు రకాలూ బతికే ఉన్నాయి. మొగ్గల రకం కొత్తగా కాయలు కూడా వేసింది.

అంతరించిందని అచ్చయిన రోజు ఈ పళ్లెం ఒళ్లో పెట్టుకుని బస్సెక్కుతాను. మీ కమిటీ గది మూడో అంతస్తే కదా. సూదులు నా దగ్గరున్నాయి, మూత కూడా తెచ్చుకుంటాను.

అలా కాక నువ్వే ఉన్న సంగతి రాసుకుంటే, పళ్లెం నీకే పంపేస్తాను. ఇక్కడ దానికి నీళ్లు చల్లలేక చస్తున్నాను.

నీ వదిన

*

ఎండుమొక్కల గది
డిసెంబరు 21

వదినకి,

నవంబరు మొదట్లో బల్ల మీది కాగితం చింపేశాను. దాని బదులు అరపేజీ రాశాను. మేం కొత్త జాతి అన్నది కొత్త కాదు, జాతీ కాదు, ఒకదాని ఆకులు, ఇంకోదాని కాయ, రెండూ అందరికీ తెలిసినవే, పొరపాటు బొమ్మ గీసిన నాది అని. "అతుకును మొదట గుర్తించినవారు ఒక పంపు ఆపరేటరు, ఒక డ్రాయింగు మాస్టారు, ఒక తాపీమేస్త్రీ" అని చివర రాశాను. రాసి, పెట్టెలో నా పుస్తకాలు సర్దుకున్నాను.

పెద్దాయన వచ్చినవి చదవకుండా సంతకం పెడతారు. అలా పెట్టించుకుని ఉండొచ్చు. కానీ కూర్చోబెట్టి చదివించాను. ఇది అచ్చువేయడం కుదరదన్నారు. పళ్లెం సంగతి చెప్పాను. "బస్సులో వస్తుందా?" అన్నారు. ఒళ్లో పెట్టుకుని అన్నాను. అయితే వెయ్యి, నా పేరు మాత్రం వద్దు, తప్పుల కింద నేను సంతకం పెట్టను అన్నారు. చివరి పేజీలో, మైక్రోస్కోపుల ప్రకటన పక్కన, నా ఒక్కడి పేరుతో వచ్చింది. ఒక ప్రతి దీనితో పంపుతున్నాను.

నిన్న కమిటీ కూర్చుంది. అయిదుగురు. నాచు గురించి ఎవరూ ఏమీ అడగలేదు. గుమాస్తా నా కాగితాలు తిరగేసి "అచ్చయినవి రెండు" అన్నాడు. వాళ్లలో ఒకాయన రెండూ తీసి చదివి, వీటిలో ఒకటి రెండోదాన్ని కొట్టేస్తోంది కదా అన్నారు. గుమాస్తా నిబంధనల పుస్తకం తెరిచాడు. "రెండు ఉండాలని ఉందండి. రెండూ ఒక మాట మీద ఉండాలని లేదు" అన్నాడు. ఆయన ఇంకోసారి చదువుకుని, నిజమే అన్నారు.

పర్మినెంటు అయింది వదినా. సర్దిన పెట్టె ఇంకా విప్పలేదు. విప్పాలంటే సిగ్గుగా ఉంది.

పెద్దాయన నాకు చెయ్యి కలిపారు. ఈ పొద్దున నుంచి మూడో అంతస్తులో కొత్త పని మొదలైంది. పాత వ్యాసాలన్నీ బీరువాల్లోంచి కిందికి దిగాయి. ఎవరి తప్పులు వాళ్లు వెతుక్కుంటున్నారు. కెమెరా తాళం ఆయనకి ఇప్పటికే మూడు దొరికాయట, ఒకేసారి బయటపెట్టకుండా ఏడాదికొకటి చొప్పున దాచుకుంటానన్నాడు.

అన్నయ్య అడిగినదానికి నాకూ చెప్పడం రాలేదు. ఆ మాట మాత్రం ఆయనకి చెప్పు.

మరిది

*

పంపు గది
ఫిబ్రవరి 17

మరిదికి,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. తాపీమేస్త్రీ అన్న చోట ఇంకోసారి చదవమన్నారు. అయితే నాకూ ఒక వ్యాసం వచ్చినట్టే, ఇంకొకటి వస్తే నన్నూ పర్మినెంటు చేస్తారేమో కనుక్కోమన్నారు. మర్నాడు పొద్దున నీ ఉత్తరం ఎక్కడుందని వెతికితే ఆయన పనిముట్ల సంచిలో, రసమట్టం కింద ఉంది. మడత నలగకుండా పెట్టుకున్నారు. నేను చూసినట్టు చెప్పలేదు.

మాస్టారికి ప్రతి ఇచ్చాను. "డ్రాయింగు మాస్టారు" అన్న చోట రెండుసార్లు చదువుకున్నారు. ఇకమీద చుక్కలు పెట్టిన చోట పక్కన కారణం కూడా రాయాలని కొత్త నియమం చేశారు. మండలి ఏకగ్రీవంగా ఆమోదించింది. బోర్డు తీయడానికి మాత్రం తీర్మానం లేదట, అందుకని అది అలాగే ఉంది. నున్నటి సిమెంటు గోడ, దాని ముందు అరుదైన నాచు తాకరాదు అని బోర్డు. నిన్న ఒకాయన చాలాసేపు నిలబడి, ఏం పూతండీ ఇది, చూడబోతే చాలా గట్టి పూతలా ఉంది అన్నాడు. మీ అన్నయ్య అక్కడే ఉన్నారు. అవునన్నారు.

పళ్లెం రేపటి బస్సులో వస్తుంది. కండక్టరు తెలిసినవాడే. పెట్టె విప్పి పుస్తకాలు బయట పెట్టుకో. దాన్ని ఉంచడానికి కిటికీ కావాలి.

ఇంకో చిన్న పొట్లం కూడా ఉంది. పూతకి కింద, నేల తగిలే చోట, ఉత్తరం పక్క, బెత్తెడు ఎత్తులో సన్నగా చెమ్మ దిగుతోంది. అక్కడ నూలుపోగుల్లా పచ్చగా ఏదో మొదలైంది. ఇంకా ఆకు లేదు, కాయ లేదు. ఒకటే రకం, మూడుసార్లు చూశాను. దానికి ఆకూ కాయా రెండూ వచ్చి, అవి రెండూ దానివేనని నువ్వు కళ్లారా చూసేదాకా మీ పెద్దాయన కంట పడనివ్వకు.

పూతకి చెమ్మ దిగిందని మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. ఆయన చూడకముందే గీకేశాను.

నీ వదిన